ప్రపోజల్‌కు ముందు ఐదు నెలలు

ప్రశ్న

అక్కా, నేను అనంతపురం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది తాడిపత్రి. నాన్న బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ మీద పని చేస్తాడు. సీనియర్ అన్న ఒకాయన చెబితే పోయిన మార్చిలో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి, అదే ఎవరైనా చూసి బాగుచేసేలా తెరిచి ఉంచిన (ఓపెన్ సోర్స్) కోడ్ ప్రాజెక్టుల్లో పనిచేస్తే గూగుల్ స్టైపెండ్ ఇచ్చే ప్రోగ్రామ్‌కి, అప్లై చేశాను. సంస్థల జాబితాలో పైథాన్ ఉన్న ప్రాజెక్టు ఒకటి చూసుకుని మెంటర్‌కి విడిగా రెండుసార్లు మెసేజ్ పెట్టాను. "సర్, మీ ప్రాజెక్టు అంటే నాకు చాలా ఇంట్రెస్ట్, దయచేసి గైడ్ చేయండి" అని. జవాబు రాలేదు. ఆఖరి రెండు రోజులూ హాస్టల్లో కూర్చుని చాట్‌జీపీటీ సాయంతో పన్నెండు పేజీల ప్రపోజల్, అంటే ఏ పని ఎలా చేస్తానో చెప్పే ప్రణాళిక, రాసి పంపాను. మే నెలలో తీసుకోలేదని మెయిల్ వచ్చింది, కారణం రాయలేదు. ఇప్పుడు టవర్ క్లాక్ దగ్గర ఒకాయన ఎనిమిది వేలిస్తే సెలెక్ట్ అయ్యే ప్రపోజల్ రాసిస్తానంటున్నాడు. నాన్నేమో ఇదంతా మోసం, ఇంట్లో కూర్చోబెట్టి డాలర్లు ఎవరిస్తారు అంటున్నాడు. టెన్త్ దాకా నాది తెలుగు మీడియం, ఇంగ్లీషు అంతంతమాత్రం. ల్యాప్‌టాప్ 4 జీబీ ర్యామ్‌ది. ఒక సబ్జెక్టు బ్యాక్‌లాగ్ కూడా ఉంది. ఈ దసరా సెలవుల్లో కూర్చుని ఆలోచిస్తుంటే టెన్షన్‌గా ఉంది. మళ్లీ ప్రయత్నించమంటారా?

— పేరు వద్దు, అనంతపురం

సమాధానం

చెల్లెమ్మా,

ప్రయత్నించు. తప్పకుండా ప్రయత్నించు. ఆ ఎనిమిది వేలు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. సగం ఇప్పుడు, సగం సెలెక్ట్ అయ్యాక అన్నా ఇవ్వొద్దు. ముందు ఆ సంగతి తేల్చేసి అసలు విషయానికి వస్తాను.

ఈ ప్రోగ్రామ్‌కి అప్లై చేయడానికి ఎవరికీ ఒక్క రూపాయి కట్టే పనిలేదు. ఫీజు లేదు, మధ్యలో ఏజెంటు లేడు. పద్దెనిమిదేళ్లు నిండి, చదువుకుంటూ ఉన్నా, ఓపెన్ సోర్స్‌కి కొత్తయినా సరిపోతుంది. ప్రపోజల్ మాత్రం నీ సొంతది అయ్యుండాలి. వేరేవాళ్లు రాసిచ్చింది పంపితే ఏమవుతుందో మెంటర్‌గా నేను చూశాను. ఒకబ్బాయి పంపిన ప్రపోజల్ చదవడానికి చాలా బాగుంది. నాలుగో వారంలో ఒక ఫంక్షన్ మారుస్తానని రాశాడు. ఎందుకు మార్చాలనుకుంటున్నావు అని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడోరోజు వచ్చిన జవాబుకి, నా ప్రశ్నకి పొంతన లేదు. ఆ ఫంక్షన్ ఏ ఫైల్లో ఉందో కూడా ఆ అబ్బాయికి తెలీదని అర్థమైంది. డబ్బు పెట్టి కొన్నాడో, ఇంకెవరి చేతనైనా రాయించాడో నాకు తెలీదు. తీసుకోలేకపోయాం.

నాన్న అనుమానం న్యాయమైనదే. ఇంట్లో కూర్చుని రోజుకి వేలు సంపాదించండి అంటూ ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు చూసేవాళ్లకి ఎవరికైనా ఆ అనుమానం రావాలి. ఆయనకి ఇలా చెప్పు. ఇది 2005 నుంచి ఏటా నడుస్తోంది. నాన్న చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే దాని అడుగున ఉన్నది లినక్స్. అది ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసిన కోడ్, ఎవరైనా తెరిచి చూడొచ్చు, బాగుచేయొచ్చు. అలాంటి కోడ్ వేల రకాలుంది. పెద్ద కంపెనీలు కూడా దాన్ని వాడుకునే నడుస్తున్నాయి. దాన్ని చూసుకునే మనుషులు తగ్గిపోతే అందరికీ ఇబ్బందే. అందుకని కొత్తవాళ్లని తయారుచేసుకోవడానికి గూగుల్ డబ్బు పెడుతోంది. పని ఆ ఓపెన్ సోర్స్ సంస్థది, నేర్పే మెంటర్ ఆ సంస్థ మనిషి, స్టైపెండ్ గూగుల్‌ది. ఆ స్టైపెండ్ దేశాన్ని బట్టి మారుతుంది. 2025లో మన దేశంవాళ్లకి 90 గంటల ప్రాజెక్టుకి 750 డాలర్లు, 175 గంటలదానికి 1500, 350 గంటలదానికి 3000. అదీ ఊరికే ఇవ్వరు, ఒకేసారీ ఇవ్వరు. మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి మెంటర్ నీ పని చూసి పాస్ చేస్తేనే వస్తుంది. బండకి పాలిష్ పడ్డాకే కూలి లెక్క కట్టినట్టు అని చెబితే నాన్నకి ఇంకెవరూ వివరించక్కర్లేదు. ఇంకో మాట కూడా చెప్పు: ఈ దారిలో నీ దగ్గర ముందుగా డబ్బు అడిగినవాడెవడైనా, ఓటీపీ అడిగినవాడెవడైనా మోసగాడే.

ఇప్పుడు అసలు విషయం. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నా కన్ను ఒకే చోట ఆగింది. మెంటర్‌కి విడిగా మెసేజ్ పెట్టాను, జవాబు రాలేదు అన్నావు చూడు, అక్కడ. నువ్వు దాన్ని దాటుకుంటూ ప్రపోజల్ గురించి రాశావు. నేననుకోవడం, పోయినసారి నీ అప్లికేషన్ మేలో కాదు, ఆ మెసేజ్ దగ్గరే ఆగిపోయింది.

మెంటర్ వైపు నుంచి చూడు. 2025లో 185 సంస్థలు ఉంటే, అప్లై చేసినవాళ్లు 15 వేలకు పైనే. ఎంపికైనవాళ్లు 1,280 మంది. నేను మెంటర్‌గా ఉన్నది చిన్న ప్రాజెక్టు. అయినా మార్చి వచ్చేసరికి ఒక్కోరోజు పది, పదిహేను మెసేజ్‌లు వస్తాయి. నాకు పగలు ఉద్యోగం ఉంది. ఇది రాత్రిపూట, ఆదివారాలు చేసే పని, దీనికి నాకు జీతం లేదు. చాలామంది మెంటర్లు ఇంతే. ఆ పదిహేనులో పన్నెండు నువ్వు పెట్టినట్టే ఉంటాయి: చాలా ఇంట్రెస్ట్ ఉంది, గైడ్ చేయండి. అందులో అబద్ధం లేదు, అమర్యాద లేదు. కానీ నేనేం రాయాలి? ఏది తెలుసో, ఎక్కడ ఆగావో, ఏం కావాలో ఏమీ లేదు. జవాబు రాయాలంటే నేనే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. అలా ఆ మెసేజ్ కిందికి జరిగిపోతుంది.

ఇదే నువ్వు ఇలా అడిగావనుకో: "నేను మీ ప్రోగ్రామ్‌ని ఉబుంటు లినక్స్ మీద ఇన్‌స్టాల్ చేశాను. సూచనల్లో మూడో మెట్టు దగ్గర ఈ ఎర్రర్ వస్తోంది, కింద మొత్తం పెట్టాను. పైథాన్ వెర్షన్ పాతదేమోనని మార్చి చూశాను, అదే వస్తోంది. ఇదే ఎర్రర్ గురించి రెండేళ్ల కింద ఒకరు రాసింది చదివాను, అందులో చెప్పింది నాకు పనిచేయలేదు. ఇంకెక్కడ చూడమంటారు?" దీనికి నేను బస్సులో నిలబడి కూడా జవాబివ్వగలను. పైగా ఇది చదివేసరికి నీ గురించి నాకు చాలా తెలిసిపోయింది. చెప్పింది చేసి చూస్తావు, ముందు వెతికి తర్వాత అడుగుతావు, ఆగిన చోటు సరిగ్గా చూపిస్తావు. పన్నెండు పేజీల ప్రపోజల్ నాకు ఈ సంగతి చెప్పలేదు.

దీన్ని నా ఒక్కదానికే విడిగా పెట్టకు. ఆ ప్రాజెక్టువాళ్లు అందరూ ఉండే చాట్‌లో పెట్టు. దాదాపు ప్రతి ప్రాజెక్టుకి ఒకటుంటుంది. అక్కడ పెడితే నేను నిద్రపోతున్నా బ్రెజిల్‌లోనో జర్మనీలోనో మెలకువగా ఉన్న ఇంకొకరు చెబుతారు. ఆ జవాబు నీ తర్వాత వచ్చేవాళ్లకి కూడా పనికొస్తుంది. అందుకే చాలా ప్రాజెక్టుల్లో విడిగా వచ్చే మెసేజ్‌లకి జవాబివ్వకూడదని నియమంలా పెట్టుకున్నారు. నీకు జవాబు రాకపోవడానికి కారణం బహుశా ఇదే అయ్యుంటుంది. అది నిన్ను తక్కువ చేయడం కాదు.

అందరిలో అడగడం నీకెందుకు కష్టమో నాకు తెలుసు. నేనూ మన సీమలోనే చదివాను. క్లాసులో లేచి డౌట్ అడిగితే వెనక బెంచీలో నవ్వు వినిపిస్తుంది. సారు "ఇది కూడా తెలీదా" అంటారు. దాంతో డౌటుని నోట్సులో దాచుకుని, అందరూ వెళ్లాక స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి మెల్లగా అడగడం అలవాటవుతుంది. ఆ విడి మెసేజ్ అచ్చం ఆ గుమ్మం దగ్గర నిలబడటమే. ఓపెన్ సోర్స్‌లో ఆ గుమ్మం లేదు. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా అందరి ముందే "ఇది నాకు అర్థం కాలేదు" అని రాస్తుంటారు. నాలుగు రోజులు ఊరికే చదువుతూ ఉండు, నీకే కనబడుతుంది. సర్ అనక్కర్లేదు, పేరు పెట్టి పిలవొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక, ఏ ప్రాజెక్టు? పోయినసారి జాబితా చూసి పైథాన్ ఉంది కదా అని ఎంచుకున్నావు. నువ్వు ఎప్పుడూ వాడని ప్రోగ్రామ్‌లో ఏది బాగాలేదో నీకెలా తెలుస్తుంది? నువ్వు వాడేదాన్ని పట్టుకో. ఇక్కడ నీ తెలుగు మీడియం నీకు అడ్డం కాదు, పెట్టుబడి. మాటవరసకి అనడం లేదు, చేసి చూడు. పైథాన్ తెరిచి, కొటేషన్ల మధ్య మీ ఊరి పేరు తెలుగులో రాసి, లెన్ అనే ఫంక్షన్‌తో దాని పొడవెంతో అడుగు. తాడిపత్రి. మనం తా, డి, ప, త్రి అని నాలుగు అక్షరాలు లెక్కపెడతాం. పైథాన్ తొమ్మిది అంటుంది. త ఒకటి, దీర్ఘం ఒకటి, డ ఒకటి, గుడి ఒకటి, ప ఒకటి, మళ్లీ త, తర్వాత పొల్లు, ర, చివర గుడి. అన్ని లిపుల అక్షరాలకీ కంప్యూటర్‌లో సంకేతాలిచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో ఇవన్నీ వేర్వేరు సంకేతాలు. పేరుని ఏడు అక్షరాలకి కత్తిరించే ప్రోగ్రామ్ ఏదైనా ఉంటే, అది మీ ఊరిని "తాడిపత్" చేసి వదిలేస్తుంది.

దీన్ని సరిచేయడానికి, మనిషి ఒకే అక్షరంగా చూసేదాన్ని కంప్యూటర్ కూడా ఒకే ముక్కగా చూసే నియమాలు యూనికోడ్‌లో ఉన్నాయి. పాత నియమాల ప్రకారం తాడిపత్రి ఐదు ముక్కలు, ఎందుకంటే త్ వేరు, రి వేరు అయిపోయేవి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో పాటు కొన్ని భారతీయ లిపుల వత్తులని కలిపి ఉంచే నియమం చేర్చారు. దాంతో నాలుగయ్యాయి, మనం లెక్కపెట్టినన్నే. నియమం వచ్చినంత మాత్రాన ప్రతి లైబ్రరీలోకి (వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్), ప్రతి ఎడిటర్‌లోకి అది వెంటనే చేరిపోదు. ఎవరో ఒకరు కూర్చుని చేర్చాలి, తెలుగు మాటలతో, కోడ్ సరిగ్గా నడుస్తోందో చూసే టెస్టులు రాయాలి. నువ్వు వాడే ప్రోగ్రామ్‌లలో ఎక్కడ వత్తు విడిపోతోందో, ఎక్కడ కర్సర్ అక్షరం మధ్యలో ఇరుక్కుంటోందో, ఎక్కడ పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే తెలుగు గజిబిజి అవుతోందో చూసి రాసుకో. జర్మనీలో ఉన్న మెంటర్‌కి "త్రి" తప్పుగా పడితే కనిపించదు. నీకు చూడగానే కనిపిస్తుంది. ఇది నీ ఒక్కదానికే తెలిసిన విద్య అనను. కానీ ఇది తెలిసి, కోడ్ కూడా రాయగలిగినవాళ్లు తక్కువమంది.

తెలుగే కావాలని లేదు. నీకు మ్యాపులు ఇష్టమైతే మ్యాపులు, బొమ్మలు ఇష్టమైతే బొమ్మలు. నువ్వు రోజూ వాడేదై ఉండాలి, అంతే.

ఒక తప్పు కనబడిందనుకో. ముందు ప్రోగ్రామ్ తాజా వెర్షన్‌లో కూడా ఉందా చూడు. ఇంతకుముందు ఎవరైనా చెప్పారా వెతుకు. లేదంటే ఇష్యూ, అంటే తప్పు గురించి ప్రాజెక్టు పేజీలో ఒక రిపోర్టు, రాయి: ఏం చేశాను, ఏం జరగాలనుకున్నాను, ఏం జరిగింది, ఏ వెర్షన్, స్క్రీన్‌షాట్. ఇంత చాలు. తర్వాత దాన్ని నువ్వే సరిచేయగలవా చూడు. మొదటిసారి పెద్దది పట్టుకోకు. చాలా ప్రాజెక్టుల్లో కొత్తవాళ్లకి తగినవని కొన్ని ఇష్యూలకి ప్రత్యేకంగా గుర్తు పెట్టి ఉంచుతారు. అలాంటి చిన్నది ఒకటి, దాని తర్వాత కొంచెం పెద్దది ఒకటి. లెక్క కోసం కామాలు, స్పెల్లింగులు మారుస్తూ పది ప్యాచ్‌లు, అంటే కోడ్ మార్పులు, పంపేవాళ్లున్నారు. వాటికంటే ఒక్క నిజమైన తప్పు సరిచేసి, దానికి టెస్ట్ రాసిన ప్యాచ్ నాకు ఎక్కువ.

ప్యాచ్ పంపాక రివ్యూ వస్తుంది. దీనికి మనసు సిద్ధం చేసుకో. తొమ్మిది లైన్ల ప్యాచ్‌కి పద్నాలుగు కామెంట్లు రావొచ్చు. ఈ పేరు మార్చు, ఇక్కడ టెస్ట్ లేదు, ఇది ఇలా ఎందుకు రాశావు అని. మొదటిసారి చూసినప్పుడు గుండె జారుతుంది. కడపలో బ్రౌన్ లైబ్రరీ నువ్వు చూశావో లేదో. అది బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే కట్టింది. 1820లో కడపకి వచ్చిన ఆయన, తర్వాత పండితుల్ని పెట్టుకుని, ఒకే కావ్యానికి ఊరూరా దొరికిన తాళపత్ర ప్రతులు తెప్పించి పక్కపక్కన పెట్టి చదివించేవాడు. ఒక ప్రతిలో ఈ మాట ఉంది, ఇంకో ప్రతిలో ఆ మాట ఉంది, ఏది సరైంది, ఎందుకు అని తేల్చేవాళ్లు. కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే గిట్‌లో నువ్వు చూసే డిఫ్ అదే. పాత పాఠం ఎర్రగా, కొత్త పాఠం పచ్చగా. పక్కన రాసే కామెంట్ ఆ పాఠం గురించి, నీ గురించి కాదు. ఒక్కో కామెంట్‌కి సరిచేశాననో, నాకు ఇలా అనిపించి ఇలా రాశాననో జవాబివ్వు. ఒప్పుకోకపోయినా తప్పులేదు, కారణం చెప్పు. ఎంపిక చేసేటప్పుడు నేను వెతికేది ఆ జవాబుల్నే. ఈ అమ్మాయితో మూడు నెలలు పనిచేయగలనా అన్నది నాకు అక్కడే తెలుస్తుంది.

చెప్పకుండా మాయం కావడం ఒక్కటి మాత్రం చేయకు. ఇది నా అనుభవం. కడపలో ఎంసీఏ చదివేటప్పుడు ఒక ప్రాజెక్టులో ఒక ఇష్యూ నేను చేస్తానని రాశాను. పది రోజులకే సెమిస్టర్ పరీక్షలొచ్చాయి, వెంటనే మా అక్క పెళ్లి. నెల రోజులు ఆ వైపే చూడలేదు. తిరిగొచ్చి చూస్తే ఇంకొకరు పూర్తిచేసేశారు. పైన ఆ ప్రాజెక్టు నడిపే ఆయన రెండుసార్లు అడిగి ఉన్నాడు: ఇంకా చేస్తున్నావా, ఏమైనా సాయం కావాలా అని. ఆ రోజు చాలా బాధపడ్డాను, నా పని లాగేసుకున్నారని. అసలు సంగతి, వాళ్లు నాకోసం మూడు వారాలు ఆగారు. "పరీక్షలున్నాయి, ఫలానా తేదీ తర్వాత చేస్తాను" అని ఒక్క ముక్క రాసుంటే ఆ పని నాకే ఉండేది. ఆ సంవత్సరం ఆ ప్రాజెక్టుకి అప్లై చేయాలంటే మొహం చెల్లలేదు. నీకు సప్లిమెంటరీ పరీక్షలున్నా, ఊరికెళ్లినా, జ్వరమొచ్చినా, ఒక లైన్ రాసి వెళ్లు.

ల్యాప్‌టాప్ గురించి బెంగపడకు, కానీ లెక్కలోకి తీసుకో. బ్రౌజర్ లాంటి మహా ప్రాజెక్టుల్ని 4 జీబీ మీద బిల్డ్ చేయాలంటే, అంటే కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేయాలంటే, రోజులు పోతాయి, మధ్యలో మిషన్ హ్యాంగ్ అవుతుంది. పైథాన్‌లోనో, జావాస్క్రిప్ట్‌లోనో ఉన్న చిన్న లైబ్రరీలు హాయిగా నడుస్తాయి. విండోస్ బరువుగా ఉంటే తేలికపాటి లినక్స్ వేసుకో. హాస్టల్ వైఫై నెమ్మదిగా ఉంటే, కోడ్ దించుకోవడానికి గిట్ క్లోన్ చేసేటప్పుడు డెప్త్ ఒకటి అని ఇవ్వు. మొత్తం చరిత్ర కాకుండా తాజా ప్రతి ఒక్కటే దిగుతుంది, డేటా మిగులుతుంది.

ఇవన్నీ ఇప్పటినుంచి ఫిబ్రవరి దాకా చేయి. ఆ నెలలో సంస్థల జాబితా వస్తుంది, అప్లికేషన్లు మార్చిలో మొదలవుతాయి. తేదీలు ఏటా కొంచెం అటూ ఇటూ అవుతుంటాయి, ప్రోగ్రామ్ సైట్‌లోనే చూసుకో. నువ్వు పనిచేసిన ప్రాజెక్టు ఆ జాబితాలో ఉంటుందన్న హామీ లేదు. పోయిన కొన్నేళ్ల జాబితాల్లో మళ్లీ మళ్లీ కనిపించినదైతే అవకాశం ఎక్కువ. ఒకవేళ లేకపోయినా నీ ప్యాచ్‌లు ఎక్కడికీ పోవు, వేరే సంస్థకి రాసేటప్పుడు అవే చూపిస్తావు. మూడు ప్రపోజల్స్ దాకా పంపొచ్చు. నేనైతే రెండు చాలంటాను. మూడోది ఎప్పుడూ తూతూమంత్రంగానే వస్తుంది.

ప్రపోజల్ అప్పటికి దాదాపు రాసేసినట్టే. నువ్వు చూసిన తప్పు ఏంటి, కోడ్‌లో ఏ ఫైల్లో ఉంది, ఇప్పటికే ఏం ప్రయత్నించావు, ఇంకా ఏం తెలీదు, వారం వారం ఏం చేస్తావు. ఐదారు పేజీలు చాలు. "ఇంకా తెలీదు" అన్న భాగం దాచకు. దాన్ని రాసినవాళ్లంటే నాకు నమ్మకం ఎక్కువ. మెంటర్‌కి ఆఖరి రోజు కాదు, పదిరోజుల ముందే చిత్తుప్రతి చూపించు.

గంటల దగ్గర నిజం రాయి. 175 గంటల ప్రాజెక్టుని పన్నెండు వారాలకి పంచితే వారానికి దాదాపు పదిహేను గంటలు. సెమిస్టర్ పరీక్షల వారం ఆ పదిహేను కుదరదని నీకూ తెలుసు, మాకూ తెలుసు. "ఈ రెండు వారాలు పరీక్షలు, వారానికి మూడు గంటలే, ముందు వారాల్లో ఎక్కువ చేస్తాను" అని రాస్తే సరి. అవసరమైతే మెంటర్‌తో మాట్లాడి గడువు 22 వారాల దాకా పెంచుకునే వీలుంది. 350 గంటలది డబ్బు ఎక్కువని పెట్టుకోకు. బ్యాక్‌లాగ్ ఉన్నప్పుడు వారానికి ముప్పై గంటలు నీ వల్ల కాదు.

ఇంగ్లీషు. నీ ఉత్తరం చూశాక నాకు ఏ అనుమానం లేదు, నువ్వు చెప్పదలచుకున్నది స్పష్టంగా చెప్పగలవు. ఇంగ్లీషులోనూ అదే చేయి: చిన్న వాక్యం, ఒక వాక్యానికి ఒక సంగతి. మాతో పనిచేసేవాళ్లలో సగంమందికి ఇంగ్లీషు సొంత భాష కాదు. మెంటర్లకి కూడా కాదు. వ్యాకరణం సరిచూసుకోవడానికి చాట్‌జీపీటీని అడిగితే అడుగు. ఆలోచన మాత్రం దాన్ని చేయనివ్వకు. పోయిన మార్చిలో నాకు వచ్చిన ప్రపోజల్స్‌లో చాలా వాటికి ఒకే గొంతు. అవే పెద్ద పెద్ద మాటలు, అదే వరస. అందులో ఎవరున్నారో నాకు కనబడలేదు. తప్పుల ఇంగ్లీషులో ఉన్న ఒక రెండు పేజీల చిత్తు చదివినప్పుడు మాత్రం, రాసిన మనిషి ఎదురుగా కూర్చున్నట్టు అనిపించింది. ఆ అమ్మాయినే తీసుకున్నాం.

ఇదొక్కటే దారి అనుకోకు. అవుట్‌రీచీ అని ఇంకోటి ఉంది, 2006లో గ్నోమ్ ప్రాజెక్టులో ఆడవాళ్ల కోసం మొదలై తర్వాత పెద్దదైంది. ఈ రంగంలో తక్కువగా కనిపించేవాళ్లకి అది తెరిచి ఉంటుంది, స్టైపెండ్ 7000 డాలర్లు. అప్లికేషన్‌లో భాగంగానే ప్రాజెక్టులో పని చేసి చూపించాలి. మన దగ్గర చదివే పిల్లలకి కుదిరేది మే నుంచి ఆగస్టు విడత. దానికి మొదటి అప్లికేషన్ ఏడాది మొదట్లోనే వేయాలి, కాలేజీ క్యాలెండర్ కూడా అడుగుతారు. లినక్స్ ఫౌండేషన్ వాళ్ల ఎల్‌ఎఫ్‌ఎక్స్ మెంటర్‌షిప్ ఏడాదికి మూడుసార్లు నడుస్తుంది. ఐఐటీ బొంబాయి వాళ్ల ఫాసీ ఫెలోషిప్‌లో ముందు ఒక పని ఇచ్చి, అది చేసినదాన్ని బట్టి తీసుకుంటారు. మొదటి అడుగుకి అది నీకు బాగా నప్పుతుంది. ఎక్కడికి వెళ్లినా అడిగేది ఒకటే: ఇప్పటిదాకా ఏం చేశావు?

ఇన్ని చెప్పానని అన్నీ ఈ సెలవుల్లోనే మొదలుపెట్టకు. ముందు ఆ బ్యాక్‌లాగ్ సబ్జెక్టుకి రోజూ రెండు గంటలు పక్కన పెట్టు. మిగిలిన టైములో ఒకే ఒక్క పని: నువ్వు వాడే ప్రోగ్రామ్‌లలో తెలుగు ఎక్కడ తప్పుగా పడుతోందో చూసి, సెలవులు అయ్యేలోపు ఒక ఇష్యూ రాయి. రాశాక నాకు ఇంకో ఉత్తరం రాయి, లింకు పెట్టు. నీ పేరు, ఆ లింకు ఇక్కడ అచ్చు వేయను. నేను చూసి, అందులో ఇంకేం చేర్చాలో ఉంటే అక్కడే, అందరికీ కనిపించేలా, దాని కింద రాస్తాను.